బీరువాలో ఉన్న బైలా

మా మండల సమాఖ్యను, అంటే మండలంలోని ఆడవాళ్ళ పొదుపు గ్రూపులన్నిటి సంఘాన్ని, జనం ఇప్పటికీ "వెలుగు ఆఫీసు" అంటారు. వెలుగు అనేది పేదరికం తగ్గించడానికి సర్కారు పెట్టిన పథకం; అది పోయి ఇందిరా క్రాంతి పథం వచ్చింది, ఆ తర్వాత వైఎస్సార్ క్రాంతి పథమూ వచ్చింది. మా వాళ్ళు మాత్రం వెలుగు దగ్గరే ఆగారు. పేరు ఏదైతే ఏం గానీ, అది గవర్నమెంటు ఆఫీసు అనుకోవడమే నాకు మింగుడుపడదు. అది 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరైన సంఘం. అంటే మాదే.

నేను నెల్లూరు జిల్లా కలిగిరి వైపు ఒక పల్లెలో యానిమేటర్ని. ఇప్పుడు వీఓఏ అనాలంట. గ్రూపుల పుస్తకాలు రాయడం నా పని. దూబగుంట మాకు దగ్గరే. 1992లో అక్కడి ఆడవాళ్ళు సారా బండ్లను అడ్డుకున్నారు. మరుసటేడు జిల్లాలో సారా ఆగింది, అక్టోబరుకల్లా రాష్ట్రమంతా ఆగింది. ఆ వేడిలోనే రోజుకు రూపాయి పొదుపు మొదలైంది. పొదుపులక్ష్మి గ్రూపులంటే మా అమ్మ తరం ఇప్పటికీ మురిసిపోతుంది. ఆ గ్రూపులు కలిసి గ్రామ సమాఖ్యలు, అవి కలిసి మండల సమాఖ్య కావడం 2000 తర్వాత మాట.

1995 చట్టం గొప్పతనం తెలియాలంటే మీ ఊరి సొసైటీని చూడండి, అదే, ఎరువులిచ్చే సొసైటీని. అది 1964 చట్టం కింద నడుస్తుంది. సర్కారు వాటా ధనం పెట్టొచ్చు, పాలకవర్గాన్ని రద్దు చేసి తనకు కావలసినవాళ్ళను కూర్చోబెట్టొచ్చు. ఎన్నికల్లేకుండా త్రిసభ్య కమిటీలతో ఏళ్ళు గడిపిన సొసైటీలు ఎన్ని లేవు! 1995 చట్టం కింద ఆ పప్పులు ఉడకవు. ప్రభుత్వ వాటా ఉండదు కాబట్టి పెత్తనమూ ఉండదు. బైలా, అంటే సంఘం నియమావళి, మేమే రాసుకుంటాం, ఎన్నికలు మా బోర్డే పెట్టుకుంటుంది. ఇలాంటి చట్టం దేశంలో ముందు చేసింది మన రాష్ట్రమే. అయితే ఊరికే రాలేదు ఈ స్వేచ్ఛ. ఏటా ఆడిట్ చేయించాలి, సభ్యులందరి మహాజన సభ పెట్టాలి, నష్టమొస్తే సభ్యులే భరించాలి.

పోయినేడు ఒక పెద్ద మీటింగుకు ప్రతి గ్రూపు నుంచీ ఆడవాళ్ళను పంపమని పైనుంచి ఫోనొచ్చింది. రాని వాళ్ళకు ఫైను, అదీ మినిట్స్ పుస్తకంలో తీర్మానంగా రాయాలంట. పుస్తకం తెరిచి కూర్చున్నా. మా అధ్యక్షురాలు, అందరం పెద్దక్క అంటాం, నా పక్కనొచ్చి కూర్చుంది.

"మే, తీర్మానం చెయ్యాల్సింది ఎవురు?"

"మనమే పెద్దక్కా."

"మనం చేసినామా?"

"లేదు."

"అయితే రాయబాక."

అప్పుడు బీరువా తీసి బైలా వెతికాను. పొదుపు కార్డుల కట్టల కింద, స్టేపుల్ పిన్ను తుప్పుపట్టి, కాగితానికి గోధుమరంగు మరక దిగి ఉంది. చివరి పేజీలో మొదటి సభ్యుల వేలిముద్రలు, ఒక్కోదాని పక్కన ఇంకెవరో రాసిన పేరు. పెద్దక్క తన ముద్ర వెతుక్కుని, దాని మీద వేలు పెట్టి చూసింది. ఇప్పుడామె సంతకం చేస్తుంది, కొంచెం వంకరగా. ఆ రోజు గ్రామ సమాఖ్యలో సభ్యుల హక్కుల పేజీ వరకూ చదివాను. "ఇదంతా మన దగ్గరే ఉండాదా?" అని ఒకామె నవ్వింది.

బస్సు వచ్చింది. చాలామంది ఎక్కారు కూడా. గ్రూపులకు బ్యాంకు అప్పులిప్పించే లింకేజీ ఫైళ్ళు కదలాల్సిన నెల అది, సిఫార్సు చేసేవాళ్ళతో ఎందుకొచ్చిన గొడవ అనుకున్నారు. తప్పు పట్టను. నా గౌరవ వేతనంలో ఎక్కువ భాగం సర్కారుదే, కంప్యూటర్ లాగిన్ వాళ్ళదే. ఫైను మాత్రం పుస్తకంలోకి ఎక్కలేదు.

ఇంకో చట్టం ఉంది, 2010 అక్టోబరులో ఆర్డినెన్సుగా వచ్చి, ఆనక చట్టమైన, చిన్న చిన్న అప్పులిచ్చే సూక్ష్మ రుణ సంస్థలది. వసూలుకు ఇంటి మీదికి రాకూడదు, వారం వారం కాదు నెలనెలా కట్టించుకోవాలి, వడ్డీ అసలును మించకూడదు. ఇది మా వాళ్ళకు నోటికొచ్చు. వాకిట్లో కూర్చుని వసూలు చేసినవాళ్ళను చూశారు, వాళ్ళు రాకుండా పోయిన రోజూ చూశారు. 1995 చట్టానికి అలాంటి రోజంటూ ఒకటి రాలేదు. రిజిస్ట్రేషన్ కాగితం మీద మావాళ్ళ చేత ముద్ర వేయించుకుని ఆఫీసర్లు వెళ్ళిపోయారు, అంతే. మనల్ని కాపాడే చట్టం తెలిసి, మనకు పెత్తనమిచ్చే చట్టం తెలియకపోవడం ఎవరికి లాభమో ఆలోచించండి.

ఈసారి మహాజన సభలో ఆడిట్ రిపోర్టు కంటే ముందు బైలా చదవాలని అజెండాలో పెట్టించాం. ఒక సారు "టైం చాలదేమోనమ్మా, భోజనాలయ్యాక చూద్దాం" అన్నారు. భోజనాలయ్యాక ఎందరుంటారో ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. ముందే చదువుతాం.