ఎర్రన్నాయుడు గారి మీద నా ఎం.ఏ. ప్రాజెక్టు

ఎం.ఏ. పొలిటికల్ సైన్స్ చివరి సెమిస్టర్ ప్రాజెక్టుకి తెలుగుదేశం నాయకుడు కింజరాపు ఎర్రన్నాయుడు గారి రాజకీయ జీవితం తీసుకున్నాను. మాది శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళి మండలమే, ఆయన ఊరు నిమ్మాడ మాకు దగ్గరే, ఇంకేం, నెలలో అయిపోతుంది అనుకున్నాను. మొదటి డ్రాఫ్ట్ చూసి మా గైడ్ మేడమ్ "సంతాప సభలో చదవడానికి బాగుందమ్మా, ప్రాజెక్టుకి మాత్రం ప్రతి మాటకీ రికార్డు చూపించాలి" అని తిరిగిచ్చేశారు. చాలా బాధేసింది. కానీ ఆవిడ అన్నది నిజం.

దాంతో ఎన్నికల సంఘం పాత నివేదికలు ముందేసుకుని కూర్చున్నాను. 1983, 1985, 1989, 1994లో హరిశ్చంద్రపురం ఎమ్మెల్యే, 1996, 1998, 1999, 2004లో శ్రీకాకుళం ఎంపీ, ఇక్కడిదాకా తేలికే. చిక్కంతా 1996 దగ్గరే. 1994 పట్టికలో ఆయన పేరుంది, 1999 పట్టికలో అదే సీటుకి తమ్ముడు అచ్చెన్నాయుడు గారి పేరుంది, మధ్యలో ఏమైందో రెండింట్లోనూ లేదు. మూడు రోజులు వెతికి, చివరికి మా తాతని అడిగితే ఒక్క ముక్కలో చెప్పేశాడు. "ఎర్రన్న డిల్లీ ఎలిపోనాడు కదేటి, ఇక్కడ మళ్లీ ఓట్లెట్టారు, అచ్చెన్న నెగ్గాడు." అంటే ఉప ఎన్నిక. సాధారణ ఎన్నికల నివేదికలో అది ఉండదని నాకప్పటికి తెలీదు, తాత మాటని రికార్డుగా రాయలేను కాబట్టి ఉప ఎన్నికల ఫలితాలు విడిగా వెతికి పట్టుకున్నాను. 2009కి వచ్చేసరికి అసలు హరిశ్చంద్రపురమే కనపడలేదు, నా పట్టికే తప్పేమో అని ఒకటే టెన్షన్. నియోజకవర్గాల హద్దులు మార్చిన పునర్విభజనలో ఆ నియోజకవర్గమే రద్దయిందట!

నేను ఎక్కువ పేజీలు రాసింది మాత్రం 1996 గురించే. మొదటిసారి ఎంపీ అయిన ఏడాదే కేంద్రంలో యునైటెడ్ ఫ్రంట్ అనే కూటమి ప్రభుత్వంలో గ్రామీణాభివృద్ధి చూసే శాఖకి మంత్రి అయ్యారు. పైకి చూస్తే ఇది అదృష్టంలా కనిపిస్తుంది గానీ, అంతకుముందు పదమూడేళ్లు అన్నీ పల్లెలే ఉన్న నియోజకవర్గానికి ఎమ్మెల్యేగా చేసిన మనిషికి ఆ శాఖ కొత్తదేం కాదని నా నమ్మకం, అదే రాశాను.

2012 నవంబర్ 2న రణస్థలం దగ్గర ఆయన ప్రాణం తీసిన రోడ్డు ప్రమాదం గురించి రాసిన పేజీ టైపు చేయడానికే నాకు ఒక సాయంత్రం పట్టింది.

వైవాలో, అంటే మౌఖిక పరీక్షలో, ఎగ్జామినర్లు అడిగింది ఇవేవీ కాదు. "2009 ఎంపీ ఎన్నికలో కాంగ్రెస్ అభ్యర్థి కిల్లి కృపారాణి గారి చేతిలో ఓడిపోయారు కదా, దాని గురించి ఒక్క లైనే రాశావేం?" అన్నారు. అభిమానంతో దాటేశానని ఒప్పుకున్నాను. వారం గడువిచ్చారు. ఆ ఓటమి మీద నాలుగు పేజీలు చేర్చి, మళ్లీ బైండింగ్ చేయించి ఇచ్చాక సంతకం పెట్టారు.