ఊరికే చేసే సాయమట

రాత్రి అన్నాల దగ్గర తమ్ముడు ఫోనులో ఏదో వీడియో చూస్తూ "అక్కా, ఇండోనేషియాలో జావా దీవి పల్లెల్లో డబ్బుతో పనే లేదట, ఒకళ్లకొకళ్లు అన్నీ ఊరికే చేసిపెట్టుకుంటారట" అన్నాడు. వాడితో వాదన పెట్టుకుంటే ఎక్కడ తేలుతుందో మీకు తెలుసు. మజ్జిగన్నం తిని లేచొచ్చేశాను. పదకొండు దాటింది, ఇంకా పంటి కింద రాయిలానే ఉంది.

ఊరికేనా? మధ్య జావా పల్లెల్లో వీధి గుమ్మాలు చూస్తే చాలు. ఇంటింటి ముందూ గోడకో స్తంభానికో చిన్న డబ్బానో, వెదురు గొట్టమో, కోసిన ప్లాస్టిక్ సీసానో వేలాడుతుంటుంది. పడుకునే ముందు అందులో చిటికెడు బియ్యం వెయ్యాలి. ఇప్పుడు చాలాచోట్ల బియ్యం పోయి 500 రుపియాల నాణెం వచ్చింది, మన మూడు రూపాయలైనా కాదు. జింపితాన్ అంటారు దీన్ని. పొద్దుపోయాక గస్తీ వంతు ఉన్న మగవాళ్లు టార్చిలైటు, సంచీ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి డబ్బాలు దులుపుకుపోతారు. ఆ డబ్బుతో వీధి దీపాలు, చావు ఖర్చులు, ఊరందరూ వాడుకునే కుర్చీలు, పళ్లాలు.

నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం డబ్బా కాదు, గస్తీ పాకలో గోడకి తగిలించే అట్ట. పక్కనే కొయ్య గంట, చెట్టు దుంగని తొలిచి చేసింది, దొంగతనానికో తీరు మోత, మంటకో తీరు. అట్ట మీద ఇంటి యజమానుల పేర్లు నిలువుగా, తేదీలు అడ్డంగా. నాణెం దొరికితే టిక్కు, డబ్బా ఖాళీగా ఉంటే అడ్డగీత. గస్తీకి రానివాడి పేరు ఎదురుగా జరిమానా. నెలాఖరు సమావేశంలో ఇదంతా పైకి చదువుతారు. మొత్తం ఎంతన్నది ఎవరికీ పట్టదు, అడ్డగీతలు ఎవరివన్నదే అందరికీ కావాలి. ఈ పొరుగిళ్ల సంఘాల ఏర్పాటే 1940ల్లో జపాన్ వాళ్లు ఆక్రమించినప్పుడు జనం మీద కన్నేసి ఉంచడానికి పెట్టిన దాని నుంచి వచ్చింది. వీడియోలో పొగమంచూ, వీపున బుట్ట కట్టుకున్న ముసలమ్మా ఉంటారు గానీ ఈ అట్ట ఉండదు.

పెళ్లిళ్లయితే మరీను. మన చదివింపుల పుస్తకం ఎరిగినవాళ్లకి విడమరచి చెప్పక్కర్లేదు. తూర్పు జావాలో కొన్ని ఊళ్లలో ఆడవాళ్లు తెచ్చిన బియ్యం, పంచదార కిలోల లెక్కన రాసిపెడతారు. ఐదు కిలోల పంచదార అని రాశారంటే వాళ్లింట్లో కార్యానికి ఐదు కిలోలూ వెళ్లాల్సిందే, ఈలోగా ధర ఎంత పెరిగినా. దీనిపైన తోంజోకాన్ అని ఒకటుంది. కార్యానికి ముందే అన్నం, కూరలు పెట్టిన డబ్బా ఇంటికొస్తుంది. తీసుకున్నామా, ఇరుక్కున్నట్టే. మామూలు కంటే పెద్ద కవరు పెట్టాలి. జావా వాళ్ల పంచాంగంలో మొదటిదైన సురా నెలలో పెళ్లిళ్లు ఉండవు కనక మంచి నెలలన్నిట్లోనూ పిలుపులు ఒకదానిమీద ఒకటి పడతాయి. పిల్లలందరి పెళ్లిళ్లూ అయిపోయిన ముసలివాళ్ల సంగతి మరీ అన్యాయం, ఇవ్వడమే తప్ప రావడం ఉండదు. ఇచ్చింది రాబట్టుకోవడానికే మనవడి సున్తీకి పందిరి వేసేవాళ్లున్నారు. అప్పు చేసి.

ఈ బరువు మోసేది ఎంత పొలం అనుకున్నారు? అక్కడ అర హెక్టారు ఉంటే పర్వాలేదన్నట్టు. 0.3 హెక్టారు, అంటే మన ముప్పాతిక ఎకరం, ఉన్నవాళ్లు బోలెడంతమంది. బాగా పండితే టన్నున్నర, టన్నూ ఏడు వందల కిలోల వడ్లు. 2025లో అక్కడి ప్రభుత్వం పెట్టిన ధర కిలోకి 6,500 రుపియా. కోటీ పది లక్షల రుపియా అంటే వినడానికి గొప్పగా ఉంటుంది, మన డబ్బులో అరవై వేల లోపు. నాలుగు నెలల కష్టం. దుక్కి, నాట్లు, ఎరువు, కోత ఇందులోంచే పోవాలి. సగపాలుకి చేస్తే పంటలో సగం పొలం గలవాడిది.

ఇంతవరకూ రాసి తమ్ముడికి పంపి పడుకుందామనుకున్నాను. ఎలుకలు గుర్తొచ్చి ఆగాను.

జావా వరి మడిలో ఎలుక తినే తీరు చిత్రం. గట్టు పక్క వరసలు వదిలేసి మడి నడుమ నుంచి మొదలుపెడుతుంది. గట్టు మీద నిలబడి చూసినవాడికి పైరు నిండుగా కనబడుతుంది. లోపలికి దిగితే పిలకలు ఏటవాలుగా, కత్తిపెట్టి కోసినట్టు తెగి ఉంటాయి. పైరు పొట్టకొచ్చే వేళకే, అంటే లోపల వెన్ను తయారయ్యేటప్పుడే, ఎలుకలకీ కాన్పులు. చూలు మూడు వారాలే, ఒక ఈతకి పది దాకా పిల్లలు, ఒక్క పంటలోనే మళ్లీ మళ్లీ. పక్కపక్క మడులు ముందూవెనకా నాటితే ఎప్పుడూ ఏదో ఒక మడి పొట్ట దశలో ఉంటుంది, వాటి కాన్పులకి అంతుండదు.

కాబట్టి ఏ ఒక్కడూ తన పొలం తాను కాపాడుకోలేడు. చుట్టుపక్కల అంతా రెండు వారాల తేడాలో నాట్లు పూర్తిచెయ్యాలి. గట్లు అడుగు వెడల్పు లోపే ఉంచాలి, లావుగా ఉంటే బొరియలు తవ్వుతాయి. దుక్కికి ముందు ఊరంతా పారలు, వలలు, కుక్కలతో దిగి బొరియలు తవ్వి కొడతారు, దాన్ని గ్రోప్యోకాన్ అంటారు. పొట్ట దశలో తల్లులు లోపలే ఉంటాయి కనక అప్పుడు గంధకం, ఎండుగడ్డి కాల్చిన పొగ బొరియలోకి ఊదుతారు. ముందు మిగతా కన్నాలన్నీ మూయాలి, ఊదిన వెంటనే బురదతో మూతి కప్పాలి, తెరిచి చూడకూడదు.

ఎర మడి ఇంకో పద్ధతి. 25 మీటర్ల పొడవూ వెడల్పూ ఉన్న ఒక మడిని మూడు వారాలు ముందు నాటి, చుట్టూ 60 సెంటీమీటర్ల ఎత్తు ప్లాస్టిక్ పట్టా కట్టి, దానికి కన్నాలు పెట్టి, లోపలి వైపు జాలీ బోన్లు ఉంచుతారు. వాసనకి చుట్టూ పది పదిహేను హెక్టార్ల ఎలుకలు అక్కడికే వస్తాయి. పట్టాకి ఆనుకుని గడ్డి పెరిగితే ఎక్కి దూకేస్తాయి. బోను రోజూ పొద్దున్నే ఖాళీ చెయ్యకపోతే చచ్చినవి కుళ్లి మిగతావి రావు. సరే, ఆ మడి ఎవరిది? ప్లాస్టిక్ ఖర్చు ఎవరిది? రోజూ వెళ్లేదెవరు? ఇలాంటివి తేలాలంటే మళ్లీ ఆ అట్టే కావాలి, అడ్డగీతలతో సహా. నేను ఇందాకట్నుంచీ తిడుతున్నది దాన్నే.

అది సడలిన చోట ఏం జరుగుతోందో న్గావి, స్రగెన్ జిల్లాల్లో చూశారు. ఎవడి మడి చుట్టూ వాడు, బురదకి కాస్త పైన, పైపూత లేని తీగ లాగి ఇంటి కరెంటు ఇస్తున్నాడు. ఎలుకలతో పాటు మనుషులూ పోతున్నారు, ఎక్కువగా తీగ కట్టినవాళ్లే, రాత్రి చూసొద్దామని తడి కాళ్లతో వెళ్లి. పోలీసులు వద్దన్నా ఆగలేదు. మన దగ్గర అడవిపందులకని పెట్టే తీగల సంగతి తెలిసిందేగా.

డెమాక్ జిల్లా త్లోగోవేరు ఊరివాళ్లు పొలాల మధ్య గుంజల మీద పెట్టెలు కట్టి ఎలుకల్ని పట్టే గుడ్లగూబల్ని నిలబెట్టారు, వాటిని కొట్టకూడదని ఊరి కట్టుబాటు పెట్టుకున్నారు. ఆ పక్షి అంటే అపశకునం అనుకునేవాళ్లు అక్కడా తక్కువేం కాదు, అయినా సాగింది.

అలాగని పుస్తకాలూ జరిమానాలూ మంచివే అంటానా? పంచదార పుస్తకాన్ని ఇప్పటికీ వెనకేసుకురాలేను. ఎలుకల వేటలో అందరికీ ఒకే పని, పెళ్లి చదివింపుల్లో మాత్రం ముప్పాతిక ఎకరం వాడూ పెద్ద ఇంటివాడి తూకమే తూగాలి. మొదటిది ఉండి రెండోది పోతే బాగుండును. పోయేది మాత్రం మొదటిదే అనిపిస్తోంది. కుర్రవాళ్లు బట్టల ఫ్యాక్టరీల్లో షిఫ్టులకి పోతున్నారు, గస్తీ తిరగలేక కొన్ని వీధుల్లో నాణేల బదులు నెలకొకసారి మొత్తం కట్టేస్తున్నారు. వేటని ఆదివారానికి మార్చినా వచ్చేది ఏభై దాటినవాళ్లే. పొలం దిగలేని ఇంటివాళ్లు డబ్బిస్తారు, దాంతో గంధకం కొంటారు.