రైన్ ఇసుకలో దొరికిన బంగారం

భూతద్దం కింద నాణేన్ని కాస్త పక్కకు వంచగానే, పై అంచున బియ్యపుగింజలో సగమంత అరుగుడు మచ్చ కనిపించింది.

వేలానికి ముందు పరిశీలించుకోవడానికి ఈ రోజు నా చేతికి ఇచ్చిన ఆ డుకాట్‌ను, అంటే పాతకాలపు ఐరోపా బంగారు నాణేన్ని, జర్మనీలోని పాలటినేట్ ప్రాంత పాలకుడు కార్ల్ థియోడోర్ పేరిట 1764లో, రైన్ నది ఇసుకను కడిగి రేణువు రేణువుగా పోగుచేసిన బంగారంతో ముద్రించారు. బరువు సుమారు మూడున్నర గ్రాములే. ఒకవైపు ఆయన ముఖం, మరోవైపు నది ఒడ్డున మాన్‌హైమ్ నగరం, ‘రైన్ తీరాలు ఇలా మెరుస్తాయి’ అనే అర్థమిచ్చే లాటిన్ వాక్యం ఉన్నాయి.

ఎవరో ఒకప్పుడు దానికి రింగు అతికించి మెడలో వేసుకున్నారు, తరువాత ఎవరో ఆ రింగును తీయించి అంచును నున్నగా అరగదీయించారు. సేకర్తల లెక్కలో ఇది ధరను బాగా దించే లోపం. అయినా వేలం జాబితాలో దాని గురించి ఒక్క ముక్క లేకపోవడం నాకు చిరాకు తెప్పించింది.

అమ్మమ్మ కాసులపేరు గుర్తుకువచ్చింది. అందులో ప్రతి కాసుకూ రింగు ఉంది, దాన్ని లోపమని మా ఇంట్లో ఎవరూ అనుకోలేదు.

నేను పాడదలచిన మొత్తాన్ని సగానికి తగ్గించి రాసి ఇచ్చాను గానీ, నాణేన్ని తిరిగి పళ్ళెంలో పెట్టే ముందు ఆ గోరంత నగరాన్ని మరోసారి చాలాసేపు చూశాను.