గొడుగు పట్టుకున్నాయన

"నా కాలు ఎందుకు తొక్కావు?" మెట్లెక్కి ఇంట్లోకి వచ్చీ రాగానే మా అమ్మాయి నిలదీసింది. దానికి 14 ఏళ్ళు.

నిజమే, తొక్కాను. మ్యూనిక్‌లో మా కింది ఇంటి జర్మన్ పెద్దావిడ కేకు కోసి పెట్టి, హిస్టరీ ప్రాజెక్టుకి పనికొస్తాయని వాళ్ళ నాన్న ఫోటోల డబ్బా తెచ్చి ముందు పెడితే, ఇది మొహం మీదే "1941లో ఈయన ఎక్కడున్నారు?" అని అడిగింది మరి.

అప్పటిదాకా బాగానే సాగింది. దానికంటే నాకే ఎక్కువ సరదాగా ఉంది. మొదటి ఫోటో వెనక 1917 అనీ, కింద పాత గొలుసు రాతలో ఏదో ఉంది. మా ఇద్దరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు, ఆవిడే చదివింది. ఆయన సైనిక టోపీ మీద రెండు గుండ్రటి బిళ్ళలు. పైది జర్మనీ దేశానిది, కిందిది అందులోని రాజ్యానిది. ప్రష్యా వాడైతే కింది బిళ్ళకి నల్ల అంచు కనపడాలి. ఇది మొత్తం వెలిసిపోయినట్టుంది. అంటే బవేరియా: తెలుపు, నీలం. ఆ కాలం ఫోటోల్లో నీలం కూడా తెల్లగానే పడేదట. గుండీ కాజాలో రిబ్బన్ ఉంది కాబట్టి రెండో తరగతి ఐరన్ క్రాస్ పతకం. మొదటి తరగతిదైతే రిబ్బన్ లేకుండా ఎడమ రొమ్ము మీద గుచ్చుకునేవారు. ఆయన అప్పటికే హౌప్ట్‌మన్, అంటే కెప్టెన్ అని ఇంట్లో అందరూ చెప్పుకునేవాళ్ళట. కెప్టెన్ భుజం పట్టీ మీద రెండు నక్షత్రాలుండాలి. మా పిల్ల భూతద్దం పెట్టి చూసి, ఒక్కటీ లేదు, ఉత్త లెఫ్టినెంటే అని తేల్చేసింది. పెద్దావిడ పకపకా నవ్వింది.

రెండో ఫోటోలో అదే మనిషి, జుట్టు పలచబడింది. కుడి రొమ్ము మీద స్వస్తిక పట్టుకున్న గద్ద, హిట్లర్ సైన్యం గుర్తు. నా కాలు లేచింది అప్పుడే.

ఆవిడ మాత్రం కప్పు కింద పెట్టి, "నాకూ తెలీదు. అమ్మని అడిగితే ఊరుకోమనేది. ఉత్తరం రాసి అడుగుదామా?" అంది. రెండో యుద్ధం సైనికుల వివరాలు చూసే బెర్లిన్ ఆఫీసు 2019లో ఫెడరల్ ఆర్కైవ్స్‌లో కలిసింది, అక్కడికి రాయాలి. మొదటి యుద్ధం సంగతికి అంత దూరం అక్కర్లేదు. ప్రష్యా సైన్యం కాగితాలు 1945 ఏప్రిల్‌లో పాట్స్‌డామ్ మీద బాంబులు పడి చాలావరకు కాలిపోయాయి గానీ, బవేరియావి మన మ్యూనిక్‌లోనే ఉన్నాయి.

ఆ రాత్రి వాట్సాప్ గ్రూపులో పెద్ద మెసేజ్ పెట్టాను. పిల్లల్ని ప్రశ్నలు అడగనివ్వండి, పెద్దవాళ్ళ ఫోటోలు దగ్గర కూర్చోబెట్టి చూపించండి అని. కాలు తొక్కిన సంగతి రాయలేదు.

ఆదివారం భూతద్దం మా గోడ మీదికి వచ్చింది.

మా తాత ఫోటో. కరీంనగర్ దగ్గర మా ఊరికి మాలీ పటేలు, అంటే ఊరి శిస్తు వసూలు చేసే పెద్ద. కుర్చీ, చేతికర్ర, కిర్రు చెప్పులు. ఆ చెప్పుల గురించి దానికి కథలు కథలుగా చెప్పాను. కుర్చీ వెనక ఒకాయన గొడుగు పట్టుకుని నిలబడ్డాడు, కాళ్ళకి ఏమీ లేవు. ఇన్నేళ్ళూ నేను ఆయన్ని చూడలేదనను. గొడుగుని చూసినట్టే చూశాను.

"ఈయనెవరు?"

"పనాయన."

"పేరు?"

"ఏమో."

"జీతం ఎంత ఇచ్చేవాళ్ళు?"

వెట్టికి జీతమేంటి? అన్నం చల్లారిపోతోంది, రా అన్నాను. అది రాలేదు. నాకు ఒళ్ళు మండింది. మీ స్కూల్లో నేర్పింది మీ స్కూల్లోనే ఉంచుకో, మా తాత ఏమైనా నాజీనా అని అరిచాను. నేనెప్పుడన్నాను అంది. అనలేదు, నిజమే.

ఊరుకునే పిల్ల కాదు కదా, సాయంత్రం వీడియో కాల్‌లో మా నాన్ననే అడిగింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూసి, "వాడా బిడ్డా? మల్లిగాడు. మంచోడు" అన్నాడు, ప్రేమగానే.

అది ఫోటో ఫ్రేము విప్పి, పెద్దావిడ వాళ్ళ ఫోటోల మీద ఉన్నట్టే వెనక పెన్సిల్‌తో ముందు ఊరి పేరు రాసింది. తర్వాత ఆగి నా వైపు చూసింది.

"అమ్మా, మల్లి పేరు. గాడు వాళ్ళ ఇంటిపేరా?"

అవునన్నాను. రాసుకుంది.