ప్రేక్షకులా, వీక్షకులా?

మా న్యూస్ డెస్క్‌లో కొత్తగా చేరినవాళ్లు తరచూ అడుగుతుంటారు: "టీవీ చూసేవాళ్లని ప్రేక్షకులు అనాలా, వీక్షకులు అనాలా?" రెండూ సరైనవే. నేను మాత్రం యాంకర్ చదివే స్క్రిప్టులో ప్రేక్షకులు అనే రాస్తాను.

చూడటం అనే అర్థమున్న ‘ఈక్ష్’ అనే సంస్కృత ధాతువు నుంచే రెండూ వచ్చాయి. ముందు ‘ప్ర’ చేరితే గుణసంధి జరిగి ప్రేక్ష, ‘వి’ చేరితే సవర్ణదీర్ఘ సంధి జరిగి వీక్ష. పరీక్ష, సమీక్ష, నిరీక్షణ, చివరికి పట్టించుకోకుండా వదిలేసే ఉపేక్ష కూడా ఈ కుటుంబంలోవే. తేడా వచ్చింది వాడుకలోనే.

ప్రేక్షకుడు నాటకశాల మాట. భరతుడి నాట్యశాస్త్రం నాటకశాలను ప్రేక్షాగృహం అంటుంది. పాత్ర సంతోషిస్తే సంతోషించేవాడు, దుఃఖిస్తే దుఃఖించేవాడు అసలైన ప్రేక్షకుడని కూడా చెబుతుంది. ఈ అర్థమంటే నాకు ప్రాణం. సీరియల్లో కోడలు ఏడిస్తే కళ్లు తుడుచుకునే మనిషిని ఇంకే మాటతో పిలుస్తాం? పైగా మన పల్లెల్లో టీవీ తొలి రోజులకు ఇది చక్కగా అతుకుతుంది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు జరిగిన ‘సైట్’ అనే ఉపగ్రహ టీవీ బోధన ప్రయోగంలో, ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా కార్యక్రమాలు అందాయి. ఊరందరి కోసం పెట్టిన సెట్టు ముందు జనం నాటకానికి వచ్చినట్టే గుమిగూడి చూశారు.

వీక్షకులు అన్న మాటకు ఆ సభ వాసన లేదు. ఎవరింట్లో వాళ్లు, ఎవరి ఫోన్లో వాళ్లు చూసినా సరిపోతుంది. అందుకే లెక్కలు చెప్పే చోట బాగా కుదురుతుంది. యూట్యూబ్ వ్యూస్‌ని వీక్షణలు అంటున్నాం కదా! రేటింగ్స్ వార్త అయితే నేనూ వీక్షకులనే రాస్తాను. చూపరులు మాత్రం వద్దంటాను, అది దారిన పోతూ ఆగి చూసేవాళ్లకి వాడే మాట.

క్రికెట్ వార్తల్లో రెండు మాటలూ కావాలి. స్టేడియంలో ఉన్నవాళ్లు, టీవీలో చూస్తున్నవాళ్లు ఒకే వాక్యంలో వస్తే అందరినీ ప్రేక్షకులంటే చదివేవాళ్లు తికమకపడతారు. అప్పుడు "మైదానంలోని ప్రేక్షకులు, టీవీ వీక్షకులు" అని విడదీసి రాయమంటాను.