వయసు నొప్పి కాదది

రెండోసారి మోకాలు మార్చి తొమ్మిది నెలలైంది. ఇప్పుడైతే రాయగలను.

మాది హనుమకొండ. మొదటి ఆపరేషన్ తర్వాత మూడు నెలలు భద్రకాళి బండ్ మీద హాయిగా నడిచాను. ఆ తర్వాత కుడి మోకాలు వేడిగా ఉండేది, ఎడమ మోకాలి మీద చెయ్యి పెట్టి వెంటనే దీని మీద పెడితే తేడా తెలిసిపోయేది. చేసిన డాక్టరే ఎక్స్‌రే చూసి "ఏం లేదమ్మా, అరవై దాటినంక ఇట్లనే ఉంటది" అన్నాడు. మొదట్లో ఇన్ఫెక్షన్ ఎక్స్‌రేలో కనపడకపోవచ్చని, సీఆర్‌పీ అనే రక్తపరీక్ష ఒకటుందని ఆయనకు తెలియదా? యాంటీబయాటిక్ గోళీలు రాశాడు. మింగినన్నాళ్లు తగ్గేది, ఆపగానే మళ్లీ మొదలు. ఇట్లా మూడుసార్లు.

సద్దుల బతుకమ్మ రాత్రి మూడు దుప్పట్లు కప్పుకున్నా వణుకు ఆగలేదు. కుట్ల పక్కన పొక్కు పగిలి ఏదో గోరువెచ్చగా పిక్క మీదుగా కారుతుంటే చెమటేమో అనుకున్నా. అప్పుడే చెరువు నుంచి వచ్చిన కోడలు లైటు వేసింది. చీము, పరుపు దాకా. "అత్తమ్మా, కండ్లు తెరువు, పండుకోకు" అని చెంపలు తడుతుంటే ఆమె చేతుల్లో పసుపు, తంగేడు పూల వాసన. కాలు తీసేస్తారేమో, అదొక్కటే నా భయం. కారులో జనగామ దాటేదాకా నా కొడుకు నోరు విప్పలేదు.

హైదరాబాద్ డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న, "చివరి గోళీ ఎప్పుడు వేసుకున్నారు?" గోళీలు వాడుతుంటే కల్చర్‌లో, అంటే క్రిమిని పెంచి చూసే పరీక్షలో, అది దొరక్కపోవచ్చట. నీళ్ల ట్యాంకుకు పాచి పట్టినట్టు క్రిములు లోహం మీద పొర కట్టుకుని ఉంటాయని, మందు లోపలికి సరిగా చేరదని ఓపిగ్గా చెప్పాడు. ఆయనకు దండం పెట్టాలి.

పాత కీలు తీసేసి, కొత్తది పెట్టేదాకా ఆ ఖాళీలో మందు కలిపిన సిమెంటు దిమ్మ, స్పేసర్ అంటారు, అది పెట్టారు. ఆరు వారాలు ఇంజెక్షన్లు, వాకర్. షుగర్ తగ్గకపోతే రెండో ఆపరేషన్ చెయ్యనన్నాడు, అన్నం దాదాపు మానేశా. తర్వాత రెండు వారాలు యాంటీబయాటిక్‌లు ఆపి ఇన్ఫెక్షన్ మళ్లీ వస్తుందేమోనని చూశారు, ఆ టెన్షన్ చెప్పలేను. రోజూ పొద్దున్నే రెండు మోకాళ్ల మీదా చేతులు పెట్టుకుని కూర్చునేదాన్ని. సమ్మక్కకు నా బరువంత బెల్లం మొక్కింది అప్పుడే, వచ్చే జాతరకు తీర్చాలి.

కీలు మార్చుకున్నవాళ్లకు ఒక్క మాట. వాపు, వేడి ఉంటే ముందు మోకాలి నీరు తీసి పరీక్ష చెయ్యమని అడగండి, గోళీలు ఆ తర్వాతే. నాలాగా వణుకు, జ్వరం వస్తే మాత్రం ఆగకుండా ఆసుపత్రికి పరిగెత్తండి.

కాలు పూర్తిగా వంగదు, కింద కూర్చోలేను. ఈసారి బతుకమ్మను కుర్చీలో కూర్చునే పేర్చాను, పూలు కోడలు అందించింది.