ఎక్కేది అనంతగిరి, దిగేది పాడేరు

విశాఖ చుట్టుపక్కల బంధువులున్నవాళ్ళకి కారు ప్రయాణంలో ఒక చిక్కుంది. ఎవరి గుమ్మం తొక్కినా భోజనం పెట్టకుండా వదలరు. ఆ భోజనం చేసి ఘాట్ ఎక్కితే నాలుగు మలుపులు తిరిగేసరికి కడుపులో దేవుతుంది. అందుకే మావారూ నేనూ దారిని చుట్టాల్ని బట్టి కాకుండా కొండని బట్టి వేసుకున్నాం. విశాఖ నుంచి బీచ్ రోడ్డు మీద భీమిలి, తగరపువలస మీదుగా విజయనగరం వెళ్ళి రాత్రికి అక్కడే ఆగడం. తెల్లవారుజామున బయల్దేరి శృంగవరపుకోట, అనంతగిరి, బొర్రా గుహలు, అరకు. ఆ తర్వాత పాడేరులో స్నేహితుల ఇల్లు, అక్కణ్ణించి మాడుగుల వైపు దిగి చోడవరం, అనకాపల్లి, విశాఖ. మొత్తం 300 కిలోమీటర్ల పైచిలుకు.

ఇదే దారిని తిరగేసి పాడేరు వైపు నుంచి ఎక్కొచ్చు కదా అనేవాళ్ళున్నారు. ఎక్కొచ్చు, కానీ రెండు నష్టాలు. చూడాల్సినవన్నీ అనంతగిరి వైపే ఎక్కువ, వాటికి పొద్దుటి పూట కావాలి. మాడుగుల హల్వా, అనకాపల్లి బెల్లం మొదటే కొనేస్తే ఊరంతా తిరిగేదాకా డిక్కీలో మోసుకు తిరగాలి.

విశాఖలో పెద్దగా ఆగలేదు. బయటి ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళకి మాత్రం ఒక మాట: ఆర్కే బీచ్‌లో కుర్సురా జలాంతర్గామి మ్యూజియానికి సోమవారం సెలవు, మామూలు రోజుల్లో మధ్యాహ్నం దాటాకే తెరుస్తారు. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన జలాంతర్గామి అది. లోపల గది నుంచి గదికి వెళ్ళే ద్వారాలు గుండ్రంగా, చిన్నగా ఉంటాయి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని వెంటబెట్టుకెళ్తే ఈ సంగతి ముందే చెప్పాలి.

రుషికొండ దాటాక భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు తప్పకుండా ఆగి చూడాలి. గాలి పోగేసిన ఇసుక వేల ఏళ్ళలో ఇనుప ఆక్సైడ్ పట్టి ఎర్రబారింది, వాన నీళ్ళు దాన్ని కోసి లోయలు చేశాయి. అంచు మీద నిలబడి ఫొటో తీసుకోవద్దు. పైన గట్టిగానే కనిపిస్తుంది, కింద ఇసుక జారిపోయి ఉంటుంది. పదిలోపు గానీ నాలుగు దాటాక గానీ వెళ్తే ఎండా తగలదు, ఎరుపూ బాగా కనిపిస్తుంది. భీమిలిలో డచ్చివాళ్ళ సమాధులు, లైట్‌హౌస్ ఓ గంట పని. వాటికంటే గోస్తని నది సముద్రంలో కలిసేచోట కాసేపు నిలబడడం మంచిది. ఎందుకంటే ఇక్కణ్ణించి బొర్రా దాకా మన ప్రయాణం ఆ ఏటికి ఎదురీతే. మధ్యలో గంట్యాడ దగ్గర తాటిపూడి జలాశయం కూడా దానిదే. విశాఖ తాగేనీళ్ళలో కొంత అక్కణ్ణించే వస్తుంది.

విజయనగరంలో కోట 1713 నాటిది. పైడితల్లమ్మ గుడి దగ్గర్లోనే. రెండూ సాయంత్రం నడిచే చూసేయొచ్చు, కారు తీస్తే పార్కింగుకే సమయం పోతుంది. మా మేనత్త ఇంట్లో రాత్రి భోజనం. పనసపొట్టు కూర ఆవ పెట్టి చేసింది. "ఇంకో ముద్ద తినవే, కొండ మీద ఏటి దొరుకుద్ది" అంటూనే ఉంది. పొద్దున్న మాత్రం ఏమీ తినకుండా ఐదున్నరకి బయల్దేరాం.

శృంగవరపుకోటలో మూడు పనులు పూర్తి చేసుకోవాలి. ట్యాంకు నింపుకోవడం, టైర్లలో గాలి చూసుకోవడం, చేతిలో కొంత నగదు ఉంచుకోవడం. పైన బంకులు దూరం దూరం, సిగ్నల్ లేనిచోట ఫోన్ చెల్లింపు పనిచెయ్యదు. గాలి ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు పక్కనున్న స్టిక్కర్ మీద ఉంటుంది, టైర్లు చల్లగా ఉన్నప్పటి లెక్క అది. స్టెప్నీలో గాలి చూడడం చాలామంది మర్చిపోతారు. టిఫిన్‌కి రెండిడ్లీ చాలు, నూనె పూరీ వద్దు. వాంతులయ్యే అలవాటున్నవాళ్ళు మాత్ర వేసుకుంటే ఘాట్ మొదలవడానికి అరగంట ముందే వేసుకోవాలి. వాళ్ళని ముందు సీట్లో కూర్చోబెట్టి, ఫోన్ చూడకుండా దూరంగా రోడ్డు మీద చూపు నిలపమనాలి.

బొడ్డవర దాటాక ఎక్కుడు మొదలు. ఎక్కేటప్పుడు స్టీరింగ్ నాది, దిగేటప్పుడు ఆయనది అని ముందే అనుకున్నాం. ఎక్కడంలో పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే గేరు ఆలస్యంగా మార్చడంలో. ఇంజను మూలిగేదాకా మూడో గేరులో లాగకూడదు, మలుపుకి ముందే రెండోదిలోకి రావాలి. మలుపులో లోపలి అంచుని కోసుకుంటూ పోతే ఎదురుగా వచ్చే బస్సు కనిపించదు. బస్సు హారన్ వినిపిస్తే మలుపుకి ఇవతలే ఆగడం మేలు, తిరగడానికి దానికి రోడ్డంతా కావాలి. ఇరుకు చోట ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలన్నది నిబంధన. ఆదివారాల్లో అది గుర్తున్నవాళ్ళు తక్కువ. డిసెంబర్, జనవరి సెలవుల్లో బొర్రా కూడలి దగ్గర బళ్ళు కిలోమీటర్ల మేర నిలిచిపోతాయి. వీలైతే మంగళ, బుధవారాలు చూసుకోండి.

బొర్రాలో పదింటికి టికెట్లిస్తారు. గుహలోకి వెళ్ళేముందే బయట బొంగు చికెన్ చెప్పేయాలి, అది తయారవడానికి ముప్పావు గంట పడుతుంది. పచ్చి వెదురు బొంగుని ఒక కణుపు కింద మూతలా ఉండేలా కోసి, ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించిన చిన్న ముక్కలు అందులో కూరి, మూతికి ఆకులు దోపి నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. చుక్క నూనె వెయ్యరు. వెదురులోని తడే ముక్కని ఉడికిస్తుంది. ఎండు బొంగైతే ముందు అదే అంటుకుంటుంది, ముక్క లోపల పచ్చిగానే మిగులుతుంది. మరీ గట్టిగా కూరినా ఆవిరి లోపలికి తిరగదు. మీ కళ్ళముందు ఆకుపచ్చ బొంగు పొయ్యెక్కితేనే డబ్బులివ్వండి. ముందే కాల్చి వరసగా పేర్చినవి ఎప్పటివో ఎవరికి తెలుసు?

గుహలో మెట్లు ఎప్పుడూ తడిగానే ఉంటాయి. గాడులున్న చెప్పులు కావాలి, హైహీల్స్ పనికిరావు. కొండలోకి ఇంకిన వాన నీరు సున్నపురాయిని కరిగించుకుని బొట్టుబొట్టుగా కారుతూ ఆ సున్నాన్ని మళ్ళీ అక్కడే వదిలిపెడుతుంది. పైనుంచి వేలాడేవి, కింద నుంచి లేచేవి అన్నీ అలా తయారైనవే. వాటిని ముట్టుకోవద్దని ఊరికే అనరు: చేతి జిడ్డు అంటితే నీరు నిలవదు, ఆ చోట ఎదుగుదల ఆగిపోతుంది. రంగు దీపాలు నాకు నచ్చలేదు. తెల్లటి వెలుగే ఉంటే రాతి పొరలు ఇంకా బాగా తెలిసేవి. బయట కోతులు చేతిలో కవరు కనిపిస్తే లాక్కుంటాయి. బిస్కెట్లు కార్లోనే ఉంచండి.

అరకు దారిలో గాలికొండ వ్యూపాయింటు, సుంకరమెట్ట కాఫీ తోటలు. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ మొక్కలు, ఓక్ మొదళ్ళకి మిరియం తీగెలు. నవంబర్ నుంచి జనవరి దాకా పళ్ళు ఎర్రగా ఉంటాయి, తోటలోకి దిగి కొయ్యకూడదు, అది గిరిజన రైతు పంట. పసుపుపచ్చగా పూసే నూనెగింజ పంట వలిసెపూల చేలల్లో ఫొటోకి రైతులు మనిషికి కొంత అడుగుతారు. జనం తొక్కి పాడుచేసే చేను చూస్తే ఆ డబ్బు న్యాయమే అనిపిస్తుంది. అరకు దాటాక చాపరాయి వాగులో రాళ్ళ మీద పాచి ఉంటుంది, నీళ్ళు మోకాలి లోతే కదా అని దిగొద్దు.

పాడేరులో మా స్నేహితులు స్కూల్లో పనిచేస్తారు. వాళ్ళు చెప్పినట్టే వంజంగి కొండ మీంచి లోయలో నిలిచే మేఘాలు చూడడానికి నాలుగింటికల్లా లేచాం. చివరి భాగం నిటారు కాలిబాట, టార్చి, స్వెట్టరు తప్పనిసరి. ముందురోజు వాన పడి రాత్రికి ఆకాశం తేటపడితే మేఘాలు లోయలో బాగా నిలుస్తాయి. గాలి ఎక్కువున్న రోజు ఏమీ కనిపించకపోవచ్చు.

దిగడం మాత్రం మంచు విడిచాకే. పాడేరు ఘాట్‌లో ఆయన రెండో గేరు దాటలేదు. బ్రేకు మీద కాలు అలాగే ఉంచితే ప్యాడ్లు వేడెక్కి పట్టు పోతుంది. గట్టిగా ఒకసారి నొక్కి వేగం తగ్గించి కాలు తీసెయ్యాలి, మిగతా పని ఇంజను చూసుకుంటుంది. ఆటోమేటిక్ కారైతే ఎల్ (తక్కువ గేరు) గానీ మాన్యువల్ మోడ్ గానీ వాడాలి. పెట్రోలు ఆదా అని న్యూట్రల్‌లో దింపేవాళ్ళున్నారు. అంతకంటే తెలివితక్కువ పని లేదు. కాలిన వాసన వస్తే వెడల్పున్న చోట ఆపి పావుగంట, ఇరవై నిమిషాలు వదిలెయ్యాలి. చక్రాల మీద నీళ్ళు పోస్తే డిస్కు వంకరపోతుంది. దారిలో మోదకొండమ్మ అమ్మవారి పాదాల గుడి దగ్గర డ్రైవర్లందరూ ఆగి దండం పెట్టుకుంటారు, బ్రేకులు చల్లారడానికీ అది మంచి చోటే.

మాడుగుల హల్వా గోధుమ పాలతో చేస్తారు. గోధుమలు మూడు రోజులు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి పులియనిచ్చి, పంచదార, నెయ్యితో కట్టెల పొయ్యి మీద దగ్గరికి వచ్చేదాకా తిప్పుతారు. ఫ్రిజ్‌లో పెడితే నెయ్యి గడ్డకట్టి రుచి చెడుతుంది, బయటే రెండు వారాలు ఉంటుంది. అనకాపల్లిలో బెల్లం కొనేటప్పుడు మరీ పచ్చగా మెరిసే దిమ్మ వద్దు. ఆ రంగు కోసం హైడ్రోస్ అనే రంగు తేల్చే రసాయనం కలుపుతారు. ముదురు గోధుమరంగు దిమ్మని కొద్దిగా విరిచి నోట్లో వేసుకుంటే ఉప్పగా తగలకూడదు.

అనకాపల్లి నుంచి విశాఖకి సాయంత్రం పూట గాజువాక మీదుగా రావద్దు, ఫ్యాక్టరీల షిఫ్టు వదిలే వేళకి రోడ్డు నిండిపోతుంది. ఇల్లు పెందుర్తి, సింహాచలం, మధురవాడ వైపైతే సబ్బవరం, పెందుర్తి మీదుగా ఆనందపురం వెళ్ళే ఆరు వరుసల రోడ్డు పట్టుకోండి. కిలోమీటర్లు నాలుగు ఎక్కువైనా గంట ముందే చేరతారు.